25వ ఏడాది కచేరీలు: 61 పేర్ల జాబితాలోంచి ఏవి ఉంచాలి?

అనుపల్లవి
అందరికీ నమస్కారం. వచ్చే సీజన్‌తో మా కోయర్‌కి (బృందగాన సంఘానికి) 25 ఏళ్లు నిండుతాయి. మేం 46 మందిమి. కండక్టరు గారు, పియానో వాయించే ఆవిడ తప్ప మిగిలినవాళ్లెవరికీ సంగీతం వృత్తి కాదు. వారానికి ఒక సాయంత్రం కలుస్తాం, పాడుకుంటాం. నొటేషన్ (స్వరలిపి) చూసి పాడగలిగినవాళ్లు సగం కంటే తక్కువ. తక్కినవాళ్లు విని నేర్చుకుంటారు. కాస్త ఆలస్యమవుతుంది గానీ, ఒకసారి పట్టుబడిందంటే ఇక మరచిపోరు.

ఈ ఏడాది మూడు కచేరీలు పెట్టాలనుకుంటున్నాం. పాటల ఎంపిక కమిటీలో నేనూ ఉన్నాను. "మీకు ఏం పాడాలని ఉంది?" అని అడిగితే 61 పేర్లు వచ్చాయి. వివాల్డీ గ్లోరియా (దేవుడి స్తుతి), ఫోరే రెక్వియం (చనిపోయినవాళ్ల కోసం పాడే ప్రార్థన), బీథోవెన్ తొమ్మిదో సింఫనీ ఆఖరి భాగం, త్యాగరాజ పంచరత్నాల్లో ఒకటి, అన్నమయ్య, ఆఫ్రికన్ అమెరికన్ స్పిరిచ్యువల్స్, జానపదాలు, పాత సినిమా పాటలు. ప్రతి పేరు వెనకా ఒకరి కోరిక ఉంది, కొన్నిటి వెనక పదేళ్ల కోరిక. ఏది తీసేసినా ఒకరి మనసు నొచ్చుకుంటుంది. వార్షికోత్సవాలు చేసినవాళ్లు ఎలా ఎంచుకున్నారో చెప్పండి. నాకు నిజంగా నిద్ర పట్టడం లేదు.

కీబోర్డు_మాస్టారు
అమ్మా, మా కోయర్ 20వ ఏట మేం చేసిన పొరపాటు చెప్తాను. ఎవరినీ నొప్పించకూడదని ఒకే సాయంత్రం 23 పాటలు, 7 భాషలు పెట్టాం. విరామం దాటేసరికి గొంతులు అలిసిపోయాయి. లాటిన్ నుంచి తెలుగుకి, తెలుగు నుంచి ఇంగ్లీషుకి మారిన ప్రతిసారీ మొదటి రెండు పంక్తులూ తడబాటే. వినేవాళ్లు చప్పట్లు కొట్టారు, కానీ ఇంటికి ఏ పాట తీసుకెళ్లారో వాళ్లకే తెలియదు.

వైవిధ్యం కావాలి, ఒప్పుకుంటాను. అది సీజన్ మొత్తం మీద ఉండాలి. ఒక్కో కచేరీకి మాత్రం ఒక వెన్నెముక ఉండాలి.

బీథోవెన్ మాట: దయచేసి వద్దు. 1824 మే 7న వియన్నాలో మొదటిసారి పాడినప్పటి నుంచీ ఆ ఆఖరి భాగం గాయకులకు కఠిన పరీక్షే. సోప్రానోలు (ఆడవాళ్లలో పై గొంతులు) పై 'ఎ' స్వరం మీద ఎక్కి అక్కడే నిలబడాలి, మళ్లీ మళ్లీ. వృత్తి గాయకులకే ఊపిరి చాలని చోటది. పైగా పూర్తి సింఫనీ ఆర్కెస్ట్రా కావాలి.

46 మంది తక్కువని దిగులు పడకండి. హాండెల్ 'మెస్సయా' 1742లో డబ్లిన్‌లో మొదటిసారి వినిపించినప్పుడు కోరస్‌లో సుమారు 32 మందే. 1784లో వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బీలో అదే కృతిని 500 మందికి పైగా కలిసి ప్రదర్శించారు. రెండూ నిలబడ్డాయి. తలల లెక్క కంటే ఏ వరసలో (గొంతు విభాగంలో) ఎందరన్నది ముఖ్యం.

బాస్_గొంతు
మాస్టారు చెప్పిన ఆఖరి మాటే నా మొదటి ప్రశ్న. మీ టెనర్లు, అంటే మగవాళ్లలో పై గొంతులు, ఎందరు?

అనుపల్లవి
సోప్రానో 17, ఆల్టో (ఆడవాళ్లలో కింది గొంతు) 16, టెనర్ 4, బాస్ (మగవాళ్లలో కింది గొంతు) 9. నాలుగు అంటే ఎప్పుడూ నలుగురూ రారు. ఒకాయనకి రాత్రి డ్యూటీలు.

బాస్_గొంతు
అయితే ఫోరే రెక్వియం జాగ్రత్తగా చూసుకోండి. అది మెత్తని కృతి, అరుపులుండవు, 35 నిమిషాల్లో అయిపోతుంది, అందుకే కమ్యూనిటీ కోయర్లన్నీ దాని వైపు చూస్తాయి. కానీ మొదటి భాగంలో తొలి కోరస్ పలుకు అయ్యాక అసలు బాణీని ఎత్తుకునేది టెనర్లే, ఒంటరిగా. 'ఆన్యుస్ దేయి' అనే భాగం మొదలుపెట్టేదీ వాళ్లే. నలుగురిలో ఒకరికి జలుబు చేస్తే ఆ రెండు చోట్లా దాక్కోవడానికి చెట్టు ఉండదు.

వివాల్డీ గ్లోరియా మీకు నప్పుతుంది. 12 చిన్న భాగాలు, మొత్తం అరగంట. సోలోలన్నీ సోప్రానో, ఆల్టో గొంతులకే. టెనర్, బాస్ వరసలు కోరస్‌లోనే వస్తాయి. వెనిస్‌లో పియెటా అనే అనాథ బాలికల ఆశ్రమంలో వివాల్డీ పనిచేశారు కదా, అక్కడి కోయర్ అంతా ఆడవాళ్లే. మరి కింది వరసలు ఎవరు ఎలా పాడారన్నది పరిశోధకులు ఇప్పటికీ వాదించుకునే విషయం. ఇంకో సంగతి, ఈ కృతి రెండు శతాబ్దాలు మరుగునపడి ఉండి, 1920లలో బయటపడి, 1939లో మళ్లీ కచేరీకి ఎక్కింది. ఇవాళ ప్రపంచమంతా పాడుతున్నారు. నాకు ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది.

రెండో_ఆల్టో
ఇక్కడ ఎవరూ ఎత్తని విషయం ఒకటి. 25 ఏళ్ల కోయర్ అంటే గొంతులకీ 25 ఏళ్లు మీదపడ్డాయి. ఆడవాళ్ల గొంతు వయసుతో కిందికి దిగుతుంది, ముఖ్యంగా మెనోపాజ్ తర్వాత. ముసలితనంలో మగవాళ్లది కొంచెం పైకి జరుగుతుంది. అనుపల్లవి గారూ, మీ 17 మంది సోప్రానోల్లో మొదటి ఏడాది నుంచీ ఉన్నవాళ్లు ఎందరు? వాళ్లలో ఇప్పటికీ పై 'జి' హాయిగా అందేది ఎందరికి?

నేను 14 ఏళ్లు సోప్రానో. ఆల్టోకి మారమన్నప్పుడు ఇంటికెళ్లి ఏడ్చాను. అది శిక్షలా అనిపించింది. మా కండక్టరు గారు చేసిన మంచి పని ఏమిటంటే, నన్ను ఒక్కదాన్నే పిలిచి చెప్పలేదు. సీజన్ మొదట్లో అందరినీ ఒక్కొక్కరిగా పావుగంట చొప్పున విన్నారు, పాతా కొత్తా తేడా లేకుండా. "మీ గొంతు ఇప్పుడు ఎక్కడ బాగా మోగుతోందో చూద్దాం" అన్నారు. పరీక్ష అనలేదు. ఆల్టోలో కూర్చున్నాక తెలిసింది, పాటకి రంగు వేసేది మేమేనని. పాటలు ఎంచడానికి ముందు ఈ వినడం అయిపోవాలి. లేకపోతే 25 ఏళ్ల కిందటి గొంతులకి పాటలు ఎంచుతారు.

తంబుర
కర్ణాటక కృతుల గురించి కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మొదటి చిక్కు శ్రుతి, అంటే పాటకి ఆధారమైన 'స' ఏ ఎత్తులో ఉండాలన్నది. మన కచేరీల్లో మగవాళ్లు ఒకటి శ్రుతి దగ్గర, ఆడవాళ్లు అయిదు, అయిదున్నర దగ్గర పాడుకుంటారు. ఎవరి తంబుర వాళ్లది. కోయర్‌లో అందరికీ ఒకటే శ్రుతి. అయిదు పెడితే మగవాళ్లకి తారస్థాయి (పై స్థాయి) అందదు, స్థాయి దించి పాడితే మంద్రంలో (కింది స్థాయిలో) మాట వినపడదు. ఒకటి పెడితే ఆడవాళ్లదీ అదే అవస్థ. మధ్యలో మూడు పెడితే ఇద్దరికీ కష్టమే. కాబట్టి రెండు స్థాయిలు తిరిగే కృతిని అందరూ మొదటి నుంచి చివరిదాకా పాడాలనుకోవద్దు. పంక్తులు పంచుకోండి.

రెండో చిక్కు పాఠాంతరం. పంచరత్నాల్లో ఆరభి రాగ కృతి తీసుకున్నారనుకోండి. మీలో ఆరుగురు నేర్చుకుని ఉంటారు, ఆరుగురు గురువుల దగ్గర. ఒకరి సంగతి (పంక్తిని మార్చి పాడే తీరు) ఇంకొకరిది కాదు. ఒక్కరు పాడితే అది అందం. 46 మంది కలిపితే స్వరం మసకబారుతుంది. ఒక్క పాఠం ఖాయం చేసి, గమకాలతో (స్వరాన్ని ఊపే తీరుతో) సహా రికార్డు చేసి అందరికీ ఇవ్వండి. "మా గురువుగారు ఇలా చెప్పలేదు" అనేవాళ్లకి ఆ బాధ ఉంటుంది, అది చిన్నదేం కాదు. ముందే కూర్చుని మాట్లాడండి.

మూడోది హార్మొనీ, అంటే ఒకే సమయంలో ఒక్కో వరస వేరే స్వరం పాడడం. నా మట్టుకు నేను పంచరత్నాలకి హార్మొనీ కట్టవద్దంటాను. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ: అయిదూ ఘనరాగాలు. గౌళలో రిషభం, వరాళిలో మధ్యమం వాటి గమకంలోనే బతుకుతాయి. కింద నిలకడగా తీగ లాగినట్టు వేరే స్వరం పెడితే రాగం ఊపిరాడక కొట్టుకుంటుంది.

చివరి_వరస
తంబుర గారూ, గౌరవంతోనే విభేదిస్తున్నాను. రాగానికి హార్మొనీ పనికిరాదంటే సంగీత దర్శకుడు ఎం.బి.శ్రీనివాసన్ గారు చేసిందేమిటి? 1970ల మొదట్లో మద్రాస్ యూత్ కోయర్ పెట్టి, ఎన్నో భారతీయ భాషల పాటల్ని నాలుగు వరసల్లో పాడించారు కదా. ఆయన పుట్టింది చిత్తూరులో. మన దగ్గర పుట్టినవాళ్లు తొక్కిన దారే ఇది.

తంబుర
తమ్ముడూ, మంచి పేరు తలిచావు. ఆయన చాలావరకు కోయర్ కోసమే కొత్తగా కట్టిన పాటలు పాడించారు. హార్మొనీని దృష్టిలో పెట్టుకుని పుట్టిన బాణీ వేరు, రెండు వందల ఏళ్ల కిందట ఒంటి గొంతు కోసం పుట్టిన కృతి వేరు. హార్మొనీ అసలు కూడదని నేను అనలేదు, పంచరత్నాలకు వద్దన్నాను.

హార్మొనీ కావాలంటే మోహనం తీసుకోండి. స రి గ ప ద. అర్ధస్వరం దూరంలో ఏ రెండూ ఉండవు, అందుకే ఒక వరస ముందు, ఒక వరస వెనక ఎత్తుకున్నా పెద్దగా గీసుకోవు. ముత్తుస్వామి దీక్షితుల (1775–1835) నోట్టుస్వరాలు ఇంకా మంచివి. పాశ్చాత్య బాణీలకు ఆయన సంస్కృత సాహిత్యం కట్టారు, సుమారు 40 ఉన్నాయి. శంకరాభరణ స్వరాలే, గమకాల బరువు ఉండదు. 'సంతతం పాహిమాం' బ్రిటిష్ జాతీయగీతం బాణీయే. మీ వివాల్డీ వైపు వాళ్లూ పంచరత్నం వైపు వాళ్లూ కలిసి నిలబడే చోటు అది.

ఇంకొక్క మాట. తంబుర పెట్టి పాడేటప్పుడు పియానో ఆపేయండి. పియానో మీద అంతర గాంధారం ('గ' స్వరం) 400 సెంట్ల (అర్ధస్వరానికి 100 సెంట్లు) దగ్గర ఉంటుంది. తంబురలో పలికే గాంధారం 386. ఆ 14 సెంట్ల తేడా చెవికి తెలుస్తుంది. రెండూ కలిసి మోగితే కోయర్ ఏ గాంధారాన్ని నమ్మాలో తెలియక ఊగుతుంది.

చివరి_వరస
ఒప్పుకున్నాను. మోహనం నాకు తట్టలేదు.

జానపదాల గురించి: దయచేసి వాటిని కచేరీ చివర సరదా కోసం తోసేయకండి. మనకి బృందగానం కొత్తదేం కాదు. బుర్రకథలో కథకుడికి ఇరుపక్కలా ఇద్దరు వంతలు ఉంటారు, వాళ్లు అందుకోకపోతే కథ నడవదు. నాట్ల పాటలో ఒకరు ఎత్తితే గట్టు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా అందుకుంటారు. విని నేర్చుకునేవాళ్లు సగం మంది ఉన్నారన్నారు, వంతపాట వాళ్ల సొంత ఇల్లు. స్కోర్ చదవలేనివాళ్లు ముందు వరసలో నిలబడి నడిపించే పాట సీజన్‌లో ఒకటైనా ఉండాలి.

అన్నమయ్య 'తందనాన' కూడా అలాంటిదే. పల్లవి అందరిదీ, చరణం ఒకరిది.

కీబోర్డు_మాస్టారు
అన్నమయ్య అన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. రాగిరేకుల మీద సాహిత్యం, రాగం పేరు ఉన్నాయి, స్వరం లేదు. మనం పాడుకునే బాణీలు చాలావరకు 20వ శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి వంటి పెద్దలు కట్టినవి. మాట 500 ఏళ్ల నాటిదే, బాణీ మాత్రం మన కాలపుది, దానికి హక్కుదారులు ఉండవచ్చు. రికార్డు చేసి ఆన్‌లైన్‌లో పెట్టే ఆలోచన ఉంటే ముందే అనుమతి అడగండి. సినిమా పాటలకీ అంతే. ఇంకొకరు కట్టిన నాలుగు వరసల అరేంజ్‌మెంట్ వాడితే దానికి విడిగా అనుమతి తీసుకోవాలి. కచేరీకి రెండు వారాల ముందు ఈ పని మొదలుపెట్టి పాట వదులుకున్న కోయర్‌లో నేనున్నాను.

దూరంలో_సోప్రానో
నేను మీ కోయర్ కాదు, కానీ ఇలాంటిదే ఒకటి తొమ్మిదేళ్ల కిందట వదిలి వచ్చాను. వార్షికోత్సవం అనగానే బయటున్నవాళ్ల గుండె అక్కడికే పోతుంది. మమ్మల్ని మరవకండి.

వీడియోలో కలపమని ఎవరైనా అంటారు. 2010లో స్వరకర్త ఎరిక్ విటేకర్ 12 దేశాల నుంచి 185 మందిని అలాగే కలిపారు. కానీ అది ఎవరికి వాళ్లు విడిగా పాడి పంపితే తర్వాత అతికించింది. ఇంత దూరం నుంచి నెట్ మీద ఒకే క్షణంలో కలిసి పాడడం కుదరదు, శబ్దం చేరడంలోనే ఆలస్యం వస్తుంది. నాకైతే ఆ అతుకులో పక్కవాళ్ల ఊపిరి లేదనిపిస్తుంది. ఒక్క కచేరీ తేదీ ఏడాది ముందే చెప్పండి, వరసకో ప్రాక్టీసు ఆడియో పంపండి. టికెట్ కొనుక్కుని మేమే వస్తాం.

బాస్_గొంతు
అనుపల్లవి గారూ, మీ పాతవాళ్లలో టెనర్లు ఉన్నారా?

అనుపల్లవి
ముగ్గురు. ఈ ప్రశ్న మాకెవరికీ తట్టలేదు!

అనుపల్లవి (ఆరు వారాల తర్వాత)
ముందు అందరికీ దండం. రెండో_ఆల్టో అక్కా, మీరు చెప్పినట్టే కండక్టరు గారు 46 మందినీ విడివిడిగా విన్నారు. సోప్రానోల నుంచి నలుగురు ఆల్టోకి వచ్చారు, ఆల్టోల్లో ఇద్దరి కింది స్వరాలు ఎంత నిండుగా ఉన్నాయంటే, అవసరమైన చోట టెనర్ వరసలో నిలబడతామని వాళ్లే అన్నారు. మొదటి ఏడాది నుంచీ ఉన్న ఒకావిడ బయటికొచ్చి, "ఇన్నేళ్లలో నన్ను ఒంటరిగా విన్నది ఇదే మొదటిసారి" అంది. ఆ మాట విన్నాక జాబితా గురించి నా భయం సగం పోయింది.

ఖాయమైనది ఇది. మొదటి కచేరీ: చిన్న తీగవాద్య బృందంతో వివాల్డీ గ్లోరియా, విరామం తర్వాత వాద్యాలు లేకుండా నాలుగు పాటలు, రెండు స్పిరిచ్యువల్స్. రెండోది పూర్తిగా మన పాటలు: శ్రీరాగ పంచరత్నం హార్మొనీ లేకుండా తంబురతో, రెండు నోట్టుస్వరాలు, మోహనంలో మా కోసం కొత్తగా కట్టిస్తున్న ఒక తెలుగు పాట, 'తందనాన', జానపదాలు. మూడోదానికి పాత సభ్యులు వస్తారు. అప్పుడు ఫోరే. ఈ 25 ఏళ్లలో మా వరసల్లోంచి అయిదుగురు కన్నుమూశారు. ఫోరే తన రెక్వియంలో తీర్పుదినపు ఉగ్రవర్ణనకి విడిగా భాగం ఇవ్వలేదు, సోప్రానోల మెత్తని 'ఇన్ పారాడిసుమ్' ('స్వర్గంలోకి') భాగంతో ముగించారు. ఆ అయిదుగురికీ అదే సరైనదని అందరం అనుకున్నాం.

సినిమా పాటలు ఈసారి లేవు. అడిగినవాళ్లకి నేనే ఫోన్ చేసి చెప్పాను. ఒకాయన ఇంకా మాట్లాడటం లేదు.

రెండో_ఆల్టో
ఫోన్ చేసి చెప్పడం మంచి పని. ఆయన వస్తారు.

స్పిరిచ్యువల్స్ పాడే ముందు రెండు మాటలు చెప్పండి, చప్పట్లు కొట్టించే హుషారు పాటలుగా మాత్రం చేయకండి. బానిసత్వంలో ఉన్నవాళ్ల నోట పుట్టిన పాటలవి. 1871లో ఫిస్క్ విశ్వవిద్యాలయం మూతపడే స్థితిలో ఉంటే తొమ్మిదిమంది విద్యార్థులు యాత్రకి బయల్దేరి, ఆ పాటల్ని కచేరీ వేదిక మీద ప్రపంచానికి వినిపించి తమ చదువులమ్మను నిలబెట్టుకున్నారు. వాళ్లలో చాలామంది బానిసలుగా పుట్టినవాళ్లే. ఇది తెలిసి పాడితే గొంతు దానంతటదే మారుతుంది.

అనుపల్లవి (మొదటి కచేరీ మర్నాడు)
గ్లోరియా నిలబడింది. మొదటి భాగంలో తీగవాద్యాలు పరుగెత్తాక మేం అందుకున్న క్షణం జీవితాంతం ఉంటుంది నాకు. రెండో_ఆల్టో అక్కా, మీరు రాసిన నాలుగు మాటలూ మా టెనర్ ఒకాయన వేదిక మీద చదివారు. హాలు నిశ్శబ్దమైపోయింది.

ఒక చోట దెబ్బతిన్నాం. వాద్యాలు లేని మూడో పాటలో శ్రుతి దిగిపోయింది. ముగింపు దగ్గర కండక్టరు గారు పిచ్‌పైపు చూసుకుంటే దాదాపు అరస్వరం కింద ఉన్నాం. రిహార్సల్‌లో ఇలా జరగలేదు. రెండో కచేరీలో సగం పాటలకి వాద్యం లేదు. ఏం చేయాలి?

కీబోర్డు_మాస్టారు
రిహార్సల్‌లో పియానో మధ్యమధ్య పలుకుతూ ఉండి ఉంటుంది, అందుకే బయటపడలేదు. ఇకనుంచి పాట మొత్తం పియానో ముట్టకుండా పాడించి, చివర ఒక్క మీట నొక్కి చూడమనండి. దిగేది ఎక్కువగా ఒకే స్వరాన్ని పదేపదే పలికే చోట, మెట్లు దిగే చోట. దిగేటప్పుడు అడుగు చిన్నది, ఎక్కేటప్పుడు పెద్దది అనుకోమనండి.

ఇంకోటి, ఎడం ఎడంగా నిలబెట్టండి. భుజాలు తగిలేలా నిలబడితే పక్కవాళ్ల గొంతే వినపడుతుంది, తనది వినపడక ప్రతివాళ్లూ గట్టిగా పాడతారు, గట్టిగా పాడేసరికి స్వరం బిగుసుకుంటుంది. చేయి చాపేంత ఖాళీ ఇస్తే చాలు. పొడుగు స్వరాల్లో అందరూ ఒకేసారి ఊపిరి తీయకుండా పక్కపక్కవాళ్లు వంతులు వేసుకోండి. ఊపిరి చాలకే స్వరం జారడం చాలాసార్లు చూశాను. నీళ్లు పొద్దున్నుంచీ తాగుతుండమనండి. వేదిక ఎక్కే ముందు తాగిన గ్లాసుడు నీళ్లు అప్పటికప్పుడు స్వరతంత్రులకి చేరవు.

తంబుర
రెండో కచేరీకి ఈ భయం అక్కర్లేదు. తంబుర ఉంటుంది. దాన్ని వినడం నేర్పించండి. ప్రతి రిహార్సల్ మొదట్లో అయిదు నిమిషాలు దీపాలు తగ్గించి, స ప స మాత్రమే పాడించండి. పాట ఎత్తే తొందర వద్దు.

అనుపల్లవి
నిన్న చేశాం. అయిదు నిమిషాలు అనుకున్నది పావుగంట అయింది, ఎవరూ ఆపమనలేదు. సినిమా పాటలడిగిన ఆయన కూడా వచ్చారు, బాసుల్లో తన చోట నిలబడ్డారు.

ఒక ప్రశ్న మిగిలింది తంబుర గారూ. వేదిక మీద తంబుర ఎక్కడ పెట్టాలి? ముందు పెడితే వెనక వరసకి వినపడటం లేదు.

తంబుర
మధ్యలో, బాసులకీ ఆల్టోలకీ నడుమ. కింది గొంతులు శ్రుతిని పట్టుకుంటే పై గొంతులు వాటి మీద కూర్చుంటాయి. ఒకటి చాలకపోతే రెండు పెట్టండి, కానీ రెండిటినీ మీరే ఒక్క చెవితో కలపండి. తెర లేవడానికి అరగంట ముందు, హాల్లో దీపాలు వెలిగి వేడెక్కాక ఇంకోసారి సరిచూసుకోండి.